హైదరాబాద్ చుట్టుపక్కల చిన్న రైతుకు ఏ అప్పు మేలు? బ్యాంకు, సొసైటీ, సంఘం, బంగారం, అడ్తి: ఒక పోలిక

హైదరాబాద్ చుట్టూ ఎకరం, రెండెకరాలు సాగు చేసుకునే రైతుకు అప్పు పుట్టదని చెప్పలేం. చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్, మహేశ్వరం, ఇబ్రహీంపట్నం ఎటు పోయినా ఇచ్చేవాళ్లు ఉన్నారు. గుడిమల్కాపూర్‌ మార్కెట్లో అడ్తిదారు, అంటే మన మాలును కమిషన్ మీద అమ్మిపెట్టేవాడు, ఇస్తాడు. ఎరువుల దుకాణంలో ఉద్దెర పెడతారు. బంగారం కుదువ పెట్టుకునే కంపెనీల బోర్డులు మండల కేంద్రాల్లో కూడా కనిపిస్తాయి. పుట్టనిది చవక అప్పు. 4 శాతం వడ్డీకి పంట రుణం కాగితం మీద అందరికీ ఉంది కానీ, నిజంగా దున్నేవాళ్లలో చాలామందికి అది చేతికి రాదు. ఎందుకు రాదో, రాకపోతే మిగిలిన దారుల్లో ఏది తక్కువ నష్టమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. అప్పును వడ్డీ రేటు ఒక్కటే చూసి ఎంచుకోకూడదు. ఎప్పుడు తిరిగి కట్టాలి, దానికి బదులుగా మన దగ్గర ఏది వాళ్ల చేతిలోకి పోతుంది అనేవి కూడా చూడాలి. పంట ఎవరికి అమ్మాలో అప్పిచ్చినవాడే చెప్పే పరిస్థితి వస్తే, వడ్డీ సున్నా అయినా అది ఖరీదైన అప్పే.

వడ్డీని ముందు ఒకే కొలతలోకి తెచ్చుకోండి

ఊళ్లో వడ్డీని రూపాయల్లో చెప్తారు, బ్యాంకులో శాతాల్లో చెప్తారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36. ఐదు రూపాయలంటే 60. బ్యాంకువాళ్లు 9 శాతం అనగానే "అమ్మో తొమ్మిదా" అని, సేటు దగ్గర "రెండు రూపాయలేగా" అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

60,000 రూపాయలు ఆరు నెలలకు కావాలనుకుందాం. పంట రుణం 4 శాతానికి పడితే వడ్డీ 1,200 రూపాయలు. గడువు తప్పకుండా కడితే వచ్చే 3 శాతం రాయితీ పోగొట్టుకుని 7 శాతం కడితే 2,100. బ్యాంకులో బంగారం పెట్టి 9 శాతానికి తెస్తే 2,700. రెండు రూపాయల వడ్డీకైతే 7,200. మూడు రూపాయలకైతే 10,800. ఒకే పొలం, ఒకే పంట, అప్పు తెచ్చిన చోటును బట్టి పది వేల దాకా తేడా. రెండెకరాల రైతుకు ఆ డబ్బు ఒక సీజన్ విత్తనం ఖర్చు.

మీ పేరు మీద పట్టాదారు పాస్‌బుక్ ఉంటే

ఇక్కడ ఎక్కువ ఆలోచించే పని లేదు. ముందు కిసాన్ క్రెడిట్ కార్డు, అంటే పంట రుణం. ఇది 1998 నుంచి ఉంది. 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులో కడితే కేంద్రం 3 శాతం తగ్గిస్తుంది. సాధారణంగా బ్యాంకు ముందు 7 శాతం లెక్కన పట్టుకుంటుంది, ఆ 3 శాతం తర్వాత ఖాతాలో పడుతుంది. పడిందో లేదో పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుని చూసుకోవాలి.

ఎంత ఇస్తారన్నది భూమి విలువను బట్టి ఉండదు. ఇది హైదరాబాద్ చుట్టుపక్కల రైతులకు మింగుడుపడని విషయం. శంకర్‌పల్లి దగ్గర ఎకరం కోట్లు పలకవచ్చు కానీ పంట రుణం మాత్రం జిల్లా సాంకేతిక కమిటీ ఏటా ఒక్కో పంటకు ఎకరాకు ఖరారు చేసే రుణ పరిమితి ప్రకారమే ఇస్తారు. దానికి ఇంటి ఖర్చుల కోసం 10 శాతం, పొలం పనిముట్లు, మరమ్మతుల కోసం 20 శాతం కలుపుతారు. అందుకే మీరు ఏ పంట వేస్తున్నారో సరిగ్గా రాయించడం ముఖ్యం. కూరగాయలు, పూలు పండించే రైతు దరఖాస్తులో అలవాటుగా పత్తి అనో వరి అనో రాస్తే, రావాల్సిన పరిమితి మారిపోతుంది.

తనఖా విషయం కూడా తెలిసి ఉండాలి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల రూపాయల దాకా వ్యవసాయ రుణాలకు భూమి తనఖా గానీ, వేరే హామీ గానీ అడగకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అంతకు ముందు ఈ హద్దు 1.6 లక్షలు. 3 లక్షల లోపు పంట రుణాలకు ప్రాసెసింగ్, తనిఖీ ఛార్జీలు వద్దని 2019లోనే బ్యాంకులకు సూచన వచ్చింది. పాస్‌బుక్ బ్యాంకులో పెట్టుకోకుండా ఆన్‌లైన్ రికార్డు చూసి అప్పు ఇవ్వాలని తెలంగాణ 2020 నాటి భూ హక్కుల చట్టంలోనే పెట్టారు. అయినా కొన్ని చోట్ల పుస్తకం లోపల పెట్టుకుంటున్నారు. పెట్టుకుంటే రసీదు అడగండి.

మరి ఇన్ని ఉన్నా ఎందుకు ఆగిపోతుంది? ఎక్కువగా పేరు దగ్గరే. తండ్రి పోయి ఏళ్లయినా భూమి ఆయన పేరు మీదే ఉంటుంది, విరాసత్, అంటే వారసుల పేరు మీదికి మార్పు, చేయించుకోరు. అన్నదమ్ములు పంచుకుంటారు కానీ రికార్డులో పంపకం ఉండదు. తెల్ల కాగితం మీద కొన్న సాదా బైనామా భూమికి పాస్‌బుక్ రాదు. 2014 జూన్ 2కు ముందు కొని, 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 మధ్య దరఖాస్తు పెట్టుకున్న చిన్న సన్నకారు రైతులకు భూ రికార్డుల కొత్త చట్టం భూభారతి ఒక దారి చూపించింది. అందులో మీరు ఉంటే తహసీల్దార్ ఆఫీసులో వెంటపడాల్సిందే. ఇక నగరం అంచున ఇంకో చిక్కు ఉంది. సర్వే నంబరులో కొంత భాగాన్ని ప్లాట్ల కోసం నాలా (వ్యవసాయేతర భూమి) కింద మార్చి ఉంటే ఆ భాగానికి పంట రుణం రాదు. కాబట్టి బ్యాంకుకు పోయే ముందు ఆన్‌లైన్ రికార్డులో మీ విస్తీర్ణం, భూమి స్వభావం ఒకసారి చూసుకోవాలి. బ్యాంకులో తప్పు బయటపడితే సీజన్ పోతుంది.

బ్యాంకుకు పోవాలా, సొసైటీకి పోవాలా? వడ్డీ రాయితీ రెండు చోట్లా ఒకటే. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో కార్యదర్శికి మీరు తెలుసు, పొలం తెలుసు, యూరియా అక్కడే దొరుకుతుంది. కానీ వాటా ధనం కింద అప్పులోంచి కొంత కోసుకుంటారు, నిధులు రావడం ఆలస్యం కావచ్చు, ఊరి రాజకీయం కూడా అందులోకి వస్తుంది. బ్యాంకులో పరిమితి పూర్తిగా వచ్చే అవకాశం ఎక్కువ, కానీ నగరం పక్కన ఉండే బ్రాంచిల్లో ఇళ్ల రుణాలు, వ్యాపార రుణాలు చూసే సిబ్బందికి పంట రుణం మీద ధ్యాస తక్కువ. మీ ఊరికి తెలంగాణ గ్రామీణ బ్యాంకు బ్రాంచి దగ్గరలో ఉంటే మొదట అక్కడ అడగమంటాను. ఒకే భూమి మీద రెండు చోట్లా పంట రుణం తీసుకోకూడదు, అది గుర్తుంచుకోండి.

తీసుకున్నాక అసలు పరీక్ష ఏడాది తిరిగేసరికి వస్తుంది. గడువు తేదీ పంటను బట్టి ఉంటుంది, దాన్ని మేనేజర్‌తో కాగితం మీద రాయించుకోండి. కార్డు పరిమితి ఐదేళ్ల దాకా నడుస్తుంది. మధ్యలో ఏటా కట్టి మళ్లీ తీసుకోవచ్చు. చేతిలో డబ్బు లేక గడువు దాటిపోతుందంటే, వారం రోజులకు బయట అప్పు తెచ్చి కట్టడం మేలా? లెక్క వేద్దాం. 60,000కు ఐదు రూపాయల వడ్డీ చొప్పున వారానికి దాదాపు 700 రూపాయలు అవుతుంది. ఏడాదికి 3 శాతం రాయితీ 1,800. అంటే అలా తెచ్చి కట్టినా మేలే, ఖాతా కూడా శుభ్రంగా ఉంటుంది. ఒకటే షరతు. కట్టిన డబ్బు మళ్లీ ఎన్నాళ్లకు వస్తుందో మేనేజర్‌ను ముందే అడిగి తెలుసుకోవాలి. నెల రోజులు ఆగితే ఈ లెక్క తిరగబడుతుంది.

మాఫీ కోసం కట్టకుండా ఆగడం గురించి కూడా చెప్పాలి. 2024లో తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి 2 లక్షల దాకా మాఫీ చేసింది. 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 వరకు ఉన్న పంట రుణాలకు అది వర్తించింది. 2 లక్షలకు మించి ఉన్నవాళ్లను పైమొత్తం ముందు కట్టమన్నారు. మాఫీ వచ్చినవాళ్లకు అది నిజమైన ఊరటే, నేను కాదనను. కానీ ఎప్పుడొస్తుందో, ఏ తేదీ పెడతారో తెలియని దాని కోసం రాయితీ పోగొట్టుకుని, ఖాతా మొండి బకాయిలో పడి, కొత్త అప్పు ఆగిపోయి బయట మూడు రూపాయలకు తెచ్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో కొందరికి మాఫీ కన్నా ఆ మధ్య కట్టిన వడ్డీయే ఎక్కువై ఉండవచ్చు.

బంగారం

పాస్‌బుక్ ఉన్నా లేకున్నా, చాలా ఇళ్లలో చివరికి మిగిలే దారి ఇదే. ఒక పూటలో డబ్బు చేతికొస్తుంది, ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. బ్యాంకులో పెడితే వడ్డీ 4 శాతం పంట రుణానికి రెట్టింపు పైనే, ప్రైవేటు కంపెనీల్లో ఇంకా ఎక్కువ. కార్డు లేకుండా బంగారం మీద తీసుకున్న వ్యవసాయ అప్పుకు ఆ 4 శాతం రాయితీ వడ్డీ వర్తించదు. 2 లక్షల లోపు పంట రుణానికి బంగారం పెట్టి తీరాలని బ్యాంకు ఒత్తిడి చేయకూడదు, రైతు తనంతట తాను పెడితే మాత్రం తీసుకోవచ్చు. "బంగారం తెస్తే ఇప్పుడే ఇస్తాం, కార్డు అయితే చూద్దాం" అని కౌంటర్‌లో వినిపిస్తే, కార్డు దరఖాస్తు కూడా పెట్టి రసీదు తీసుకుని రండి.

రిజర్వ్ బ్యాంకు 2025లో బంగారు రుణాలకు కొత్త నిబంధనలు ఇచ్చింది. సొంత ఖర్చుల కోసం తీసుకునే 2.5 లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చు. అప్పు తీరాక ఏడు పనిదినాల లోపు వస్తువు తిరిగి ఇవ్వకపోతే రోజుకు 5,000 రూపాయలు రైతుకు చెల్లించాలి. 85 శాతం ఇస్తామంటే మొత్తం తీసేసుకోవద్దు. వడ్డీ పెరుగుతూ పోతే వేలం దగ్గరపడుతుంది. సగానికి కాస్త అటూ ఇటూ తీసుకుంటే పంట ఒకటి పోయినా వస్తువు నిలుస్తుంది. పుస్తెలతాడు పెట్టాల్సి వస్తే, ఇంట్లో ఆమెతో మాట్లాడాకే పెట్టాలి. ఆ అప్పుకు హామీ ఆమెదే కదా.

బంగారం నా దృష్టిలో వంతెన లాంటిది. పంట రుణం మంజూరయ్యే దాకా విత్తనం ఆగకుండా దాటడానికి పనికొస్తుంది. సీజన్ తర్వాత సీజన్ దాని మీదే సాగు నడపడం మొదలైతే వస్తువు ఇంటికి రాదు.

అడ్తిదారు అప్పు, ఎరువుల ఉద్దెర

బోయిన్‌పల్లి, గుడిమల్కాపూర్ మార్కెట్లకు మాలు తెచ్చే రైతుల్లో చాలామంది అడ్తిదారు దగ్గర అడ్వాన్స్ తీసుకుంటారు. వడ్డీ ఉండదు, కాగితం ఉండదు, అర్ధరాత్రి ఫోన్ చేసినా డబ్బు వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆస్పత్రి పడితే బ్యాంకు మేనేజర్ ఎత్తడు, అడ్తిదారు ఎత్తుతాడు. ఆ బంధాన్ని నేను తక్కువ చేసి చూడను.

కానీ లెక్క చూడాలి. 60,000 అడ్వాన్స్ తీసుకున్న టమాటా రైతు 25 కిలోల డబ్బాలు 200 వేశాడనుకుందాం. మొత్తం 5,000 కిలోలు. అప్పు ఉంది కాబట్టి పక్క దుకాణానికి పోలేడు, రైతు బజారుకు తీసుకుపోలేడు. కిలోకు రెండు రూపాయలు తక్కువ పడినా 10,000 పోయినట్టే. పైన చెప్పిన మూడు రూపాయల వడ్డీకి దాదాపు సమానం ఇది. దాని మీద కమిషన్, హమాలీ, తరుగు ఉంటాయి. తక్‌పట్టీలో, అంటే అడ్తిదారు ఇచ్చే అమ్మకం లెక్క చీటీలో, ప్రతి కోత విడిగా రాయమని అడగండి. ధర ఎంత పడిందో అదే రోజు పక్క దుకాణాల్లో కనుక్కుని రాసిపెట్టుకోండి. ఒక్క సీజన్ అలా రాస్తే ఆ సున్నా వడ్డీ అసలు ఎంతో తెలిసిపోతుంది.

ఉద్దెర కూడా అంతే. డీఏపీ బస్తా 1,350 రూపాయలు. ఉద్దెర పుస్తకంలో 1,500 రాసి ఐదు నెలల తర్వాత కట్టించుకుంటే, నెలకు రెండు రూపాయల పైనే వడ్డీ పడినట్టు. దానికి తోడు అడగని మందు డబ్బాలు అంటగడతారు. డబ్బు పెట్టి కొనేవాడు "ఈ మందు వద్దు" అనగలడు. ఉద్దెర మీద ఉన్నవాడు అనలేడు.

అడ్తి అప్పు అస్సలు వద్దని నేను చెప్పను. పూర్తి పెట్టుబడికి కాకుండా, కోత కూలీకీ రవాణాకీ సరిపడా చిన్న మొత్తం, పది పదిహేను రోజుల్లో తీరిపోయేలా తీసుకుంటే నష్టం తక్కువ. నాట్లకు ముందే తీసుకుంటే మాత్రం పంట మొత్తం వాళ్లదైపోతుంది.

కౌలుకు చేస్తుంటే

ఈ పోలిక అసలు వీళ్ల కోసమే రాయాలనిపించింది. హైదరాబాద్ చుట్టూ భూముల యజమానులు చాలామంది నగరంలో ఉంటారు. పొలం చేసేది కౌలుదారు. పంట రుణం, రైతు భరోసా, మాఫీ అన్నీ పాస్‌బుక్ ఉన్నవాళ్ల పేరు మీదే నడుస్తాయి. నిజానికి నోటి మాట మీద కౌలుకు చేసేవాళ్లు, పాలుకు (పంటలో వాటాకు) చేసేవాళ్లు కూడా కిసాన్ క్రెడిట్ కార్డుకు అర్హులని నిబంధన స్పష్టంగా ఉంది. స్థానిక అధికారులో పంచాయతీయో ఇచ్చే సాగు ధ్రువీకరణను బ్యాంకు ఒప్పుకోవచ్చు. అడగాల్సిన హక్కు ఇది. కానీ యజమాని అదే భూమి మీద ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు రెండోది ఇవ్వదు. ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదారుల కోసం వచ్చిన చట్టం ప్రకారం ఇవ్వాల్సిన రుణ అర్హత కార్డులు తెలంగాణలో దాదాపు ఆగిపోయాయి.

అందుకని కౌలుదారు మొదట చూడాల్సింది ఇంట్లో ఆడవాళ్ల పొదుపు సంఘం. బ్యాంకు లింకేజీ అప్పుకు, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పుకు, హామీ అడగరు. మహిళా సంఘాల సహకార పరపతి సంస్థ స్త్రీనిధి నుంచి చిన్న అప్పులు త్వరగా వస్తాయి. వడ్డీ బయటి రేటులో మూడో వంతు, సగం మధ్య ఉంటుంది. వడ్డీ లేని రుణాల కింద ప్రభుత్వం తిరిగి ఇచ్చే సొమ్ము ఆలస్యమవుతుంది కాబట్టి దాన్ని ముందే లెక్కలో వేసుకోవద్దు. చిక్కల్లా నెలనెలా కిస్తీ. ఆకుకూరలు, కొత్తిమీర వేసే రైతుకు నెల, నెలన్నరలో డబ్బు తిరుగుతుంది, కిస్తీ ఆగదు. పాడి ఉంటే ఇంకా సులువు. పత్తి వేసేవాళ్లకు ఐదారు నెలలు పైసా రాదు. వాళ్లు సంఘం అప్పు తీసుకుంటే కిస్తీ కట్టడానికి మళ్లీ సేటు దగ్గరికి పోతారు.

రెండోది, ఎక్కువ మందికి తెలియనిది పాడి కోసం ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు. 2018-19 నుంచి ఉంది. దీనికి భూమి అక్కర్లేదు, కొట్టం అద్దెదైనా సరే. 2 లక్షల దాకా అదే 7, గడువులో కడితే 4 శాతం. గేదెలు కొనడానికి కాదు, దాణా, మందులు, మేత ఖర్చులకు. రెండు గేదెలు ఉండి దాణా ఉద్దెర మీద తెచ్చుకునే కౌలు రైతుకు ఇది నేరుగా పనికొస్తుంది. పాలు పోసే కేంద్రం నుంచి ఆరు నెలల చెల్లింపుల వివరం తీసుకుని బ్యాంకుకు పోండి.

మూడోది ఉమ్మడి బాధ్యత బృందం. నలుగురు నుంచి పది మంది కౌలుదారులు కలిసి ఒకరికొకరు పూచీ ఉండి తీసుకునేది. మంచి ఏర్పాటే, కానీ ఒకరు కట్టకపోతే మిగిలినవాళ్లు కట్టాలి. ఒకే వాగు పక్క పొలాలు చేసేవాళ్లు, ఏళ్లుగా తెలిసినవాళ్లు అయితేనే కలవండి. ఏజెంట్ చేర్చిన బృందంలో పేరు ఇవ్వొద్దు.

మైక్రోఫైనాన్స్ కిస్తీ అప్పు తీసుకున్న మరుసటి నెల నుంచే, కొన్ని చోట్ల మరుసటి వారం నుంచే మొదలవుతుంది, వడ్డీ రెండు రూపాయలకు అటూ ఇటూ పడుతుంది. ఇంటి మొత్తం అప్పుల కిస్తీలు నెల ఆదాయంలో సగం మించకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. పంట పెట్టుబడికి దీన్ని వాడొద్దనే నా సలహా.

భూమి ఉండి నగరంలో ఉంటున్నవాళ్లకు

ఇది చదివేవాళ్లలో మీరే ఎక్కువ ఉండవచ్చు, అందుకే సూటిగా అడుగుతున్నాను. కౌలు కాగితం రాస్తే భూమి పోతుందన్న భయం ఊరికే రాలేదు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం, రక్షిత కౌలుదార్ల హక్కులు, వాళ్లకు యాజమాన్యం ఇచ్చిన 38-ఈ పత్రాలు ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు గుర్తున్నాయి. కానీ 2011 చట్టం కౌలుదారుకు అప్పు, బీమా వంటి వాటి కోసమే గుర్తింపు ఇస్తుంది, యాజమాన్యాన్ని తాకదు. మీరు సాగు చేయని భూమి మీద మీరు 4 శాతం పంట రుణం తీసుకుంటే, ఆ పొలం దున్నే మనిషి 36 శాతానికి తెచ్చుకోవాల్సి వస్తోంది. ఆ రుణం తీర్చేసి, బ్యాంకు అడిగితే కౌలుదారు సాగు చేస్తున్నాడని ఒక సంతకం పెట్టండి. అది కుదరదనుకుంటే, ఎకరాకు సీజన్‌కు వచ్చే 6,000 రైతు భరోసాను కౌలులో తగ్గించండి. నాట్ల ముందు ఆ మొత్తం చేతిలో ఉంటే అడ్తి దగ్గరికి పోయే అవసరం కొంతైనా తగ్గుతుంది.

బ్యాంకు కాదంటే

నోటి మాటతో వెనక్కి రావద్దు. పూర్తి కాగితాలతో దరఖాస్తు ఇచ్చి, తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోండి. అన్నీ సరిగా ఉంటే 14 రోజుల్లో కార్డు ఇవ్వాలి. ఇవ్వకపోతే కారణం రాసి ఇమ్మని అడగండి. మీ క్లస్టర్ ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) రైతు వేదికలో కలిసి పంట నమోదు సరిచూసుకోండి, ఆ వివరం బ్యాంకు దగ్గర పనికొస్తుంది. బ్రాంచిలో పని కాకపోతే జిల్లా లీడ్ బ్యాంక్ మేనేజర్‌కు దరఖాస్తు నకలుతో ఫిర్యాదు ఇవ్వండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు గడిచినా జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు, 14448కు ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెప్తారు. ఇవన్నీ కలిపి రెండు నెలలు పట్టవచ్చు కాబట్టి వానాకాలం పంటకు ఏప్రిల్ మొదట్లోనే దరఖాస్తు పెట్టండి. జూన్‌లో మొదటి వాన పడ్డాక బ్యాంకుకు పోతే, ఆ సీజన్‌కు దొరికేది అడ్తి అప్పో బంగారు అప్పో మాత్రమే.